రేడియో మూగబోయిన శనివారం

నా తియోడోరాకు,

నీ సబీనో రాస్తున్నది. ఇక్కడ నేనూ, కుక్కా, నీ రెండు గొర్రెలూ బాగానే ఉన్నాం. చలికి పంపులో నీళ్లు గడ్డకట్టాయి. కోచబాంబా ఎండలో సూప్ అమ్ముకునే నీకు ఈ చలి ఎక్కడ గుర్తుంటుందిలే.

నీ ఉత్తరంలో దగ్గు గురించి అడిగావు. తగ్గింది. చున్యో ఎండు దుంపలు ఉడకబెట్టుకుని వేళకు తింటున్నాను, మీ అక్కను నా మీద నిఘాకు పెట్టనక్కర్లేదు. శనివారం మన ఊరి రేడియో స్టేషన్ ఎందుకు పలకలేదనీ అడిగావు. అక్కడిదాకా తెలిసిపోయిందన్నమాట.

ఆ పొద్దున స్టేషన్ తెరిచి ఒక్కడినే కంప్యూటర్ ముందు కూర్చుంటే హెడ్‌ఫోన్‌లో ఏమీ వినబడలేదు. కంప్యూటర్ చెడిందనుకున్నాను. దాన్ని నడిపే లినక్స్ సాఫ్ట్‌వేర్ నాలాగే పాతకాలపుది. సౌండు ఫైళ్లు వెతికితే అన్నిటి సైజూ సున్నా అని చూపించింది. ఖాళీవి కదా, ఇవే పాడై ఉంటాయని అన్నీ తుడిచేశాను. ఏదైనా చేయనిచ్చే పెద్ద పాస్‌వర్డు నా దగ్గరే ఉంది కనుక కంప్యూటరూ అడ్డు చెప్పలేదు. ఇక నిజంగానే సౌండు పోయింది. ఆపి వెలిగించినా రాలేదు.

గొంతు బాగాలేదని సాకు చెప్పి, వార్తలు చదివే కసిల్దా చేత ఒరూరోలో మెకానిక్ విల్మర్‌కు ఫోన్ చేయించాను. "అవి ఫైళ్లు కావు, సౌండు కార్డుకు వెళ్లే తలుపులని చెప్పు పెద్దాయనకి. లోపల కార్డు బాగానే ఉంది. ఈయన తలుపులు పీకేసి కూర్చున్నాడు" అని నవ్వాడట. ఒక్కో తలుపు పేరూ, దాని అంకెలూ అతను చెబితే ఆమె కాగితం మీద రాసింది, నేను టైపు చేశాను. సాయంత్రానికి అన్నీ మళ్లీ నిలబడ్డాయి.

ఈలోగా జనం తమవాళ్లకు పంపే, మధ్యాహ్నం రేడియోలో చదవాల్సిన కబుర్లు ఆగిపోయాయి. అందులో ఒకటి కొండపైన లామాలు మేపుకునే పాస్కువాల్‌కు. వాళ్లమ్మ పోయింది, ఆదివారం ఖననం, దిగి రమ్మని. అక్కడ ఫోన్ పనిచేయదు. సాయంత్రం చదివాం గానీ, బ్యాటరీ మిగుల్చుకోవాలని కొండమీది వాళ్లు మధ్యాహ్నం కబుర్లకే రేడియో పెడతారు.

అతను సోమవారం వచ్చాడు, అమ్మ కోసం జున్ను పట్టుకుని. సంగతి తెలిశాక నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"మధ్యాహ్నం చదివారా మామా? నేను వింటూనే ఉన్నానే" అన్నాడు.

చదవలేదన్నాను. తిట్టి ఉంటే బాగుండేది. జున్ను నా బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయాడు. అది ఇంకా అక్కడే ఉంది. నేను ముట్టుకోలేకపోతున్నాను.

తియోడోరా, ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. తలుపులు నిలబడ్డాక కసిల్దా హెడ్‌ఫోన్ పెట్టుకుని, "వచ్చింది మామా" అని ఏడ్చేసింది. నేనూ పెట్టుకున్నాను. ఏమీ వినబడలేదు. తెర మీద సౌండు చూపే గీతలు మాత్రం ఎగురుతున్నాయి. పొద్దున కూడా ఎగిరే ఉంటాయి, నేను చూసుకోలేదు. కంప్యూటర్‌కు ఏ రోగమూ లేదు. గనిలో ఇన్నేళ్లు డ్రిల్లు పట్టిన చెవులు నావి. ఎదుటివాళ్ల పెదవులు చూసి నెట్టుకొస్తున్నాను. నా వల్ల ఒక కొడుకు తల్లికి మట్టి వేయలేకపోయాడు.

రేపు కసిల్దాకు నిజం చెప్పి హెడ్‌ఫోన్ అప్పగిస్తాను. ఆపైన పాస్కువాల్ ఉండే కొండకు నడిచి వెళ్తాను. అతను ఏమన్నా అననీ, నాకు వినబడదు. మొహం చూస్తే చాలు, అర్థమవుతుంది.

ఫోన్ చేయొచ్చు కదా అని విసుక్కుంటావు. పోయిన వారం నువ్వు ఫోన్‌లో చాలాసేపు మాట్లాడావు. నేను ఊఁ కొట్టి, చివర్న సరేనన్నాను. నువ్వేం అడిగావో, నేను దేనికి సరేనన్నానో నాకు తెలియదు. అది రాసి పంపు.

ఇట్లు,
నీ జవాబుకు ఎదురుచూసే
నీ పెనిమిటి
సబీనో