నా దవడ, ఆయన కథ

ఫిబ్రవరి 2

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. పై పళ్లూ కింది పళ్లూ కలిపి తీగలతో బిగించేశారు. దవడ అతుక్కునేదాకా నోరు తెరవకూడదు. మాట్లాడకూడదు, నమలకూడదు. పాట సంగతి నేను అడగలేదు... అడగడానికి నోరేదీ.

అందుకే ఈ డైరీ. ఎరువుల కొట్టువాళ్లు ఆయనకిచ్చింది, ఖాళీగా పడి ఉంది.

మంచం పక్కన మేకుకి చిన్న కట్టరు వేలాడుతోంది. వాంతి వస్తే వెంటనే తీగలు కత్తిరించెయ్యాలట, లేకపోతే ఊపిరాడదట. వచ్చినవాళ్లందరికీ ఆయన ముందు అదే చూపిస్తున్నారు.

ఫిబ్రవరి 3

గంజి. స్ట్రా. సగం నోట్లోకి, సగం మెడ మీదికి. అద్దం కావాలని సైగ చేశాను. ఇవ్వలేదు.

ఫిబ్రవరి 4

పలకరించడానికి జనం. చేతుల్లో యాపిల్ పళ్లు, రస్కులు, జంతికలు కూడా. నోరు కుట్టేసిన మనిషికి జంతికలు!

ఈరోజే మొదటిసారి ఆయన కథ పూర్తిగా విన్నాను. పక్కింటి మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చోగానే మొదలు — "రెండు హెల్మెట్లున్నాయి మాస్టారూ ఇంట్లో. ఎట్టుకోయే అంటే, కొప్పు నలిగిపోద్దంది. సెప్తే ఇంటేనా! నాను ఎట్టుకున్నాను, సూడండి నాకేటైనా అయ్యిందా?" అని లోపలికెళ్లి తన హెల్మెట్ తెచ్చి, గెడ్డం దగ్గర పడిన గాటు మాస్టారి వేలితో తడిమించారు. "ఇది నా గెడ్డం అయ్యుండీది."

మాస్టారు నా వైపు జాలిగా చూశారు. జాలిలో కొంచెం కోపం కూడా... బుద్ధి లేని ఆడది అన్నట్టు.

కొప్పట. నేను జడ తప్ప ఏనాడూ వేసుకోలేదు.

ఫిబ్రవరి 5

జరిగింది రాసి పెట్టుకోవాలి. ఆయన కథ నాకే అలవాటైపోక ముందే.

శనివారం. రామతీర్థం గుడిలో పొద్దున్నే పాడి బయల్దేరాం. తాతగారి కాలం నుంచీ శనివారం అక్కడ మా వాళ్లెవరో ఒకరు పాడుతూనే ఉన్నారు, ఇప్పుడు మిగిలింది నేనే. తిరిగొచ్చేటప్పుడు తారు రోడ్డు మీద ఉలవ మొక్కలు పరిచి ఉన్నాయి. బళ్లు తొక్కితే గింజ రాలుతుందని ఈ రోజుల్లో అందరూ పరుస్తారు. పక్కనుంచి పోవడానికి దారి ఉంది. కానీ ఆయన రైతుబిడ్డ. పక్కనుంచి పోతే ఎవరో తిడతారన్నట్టు, "మనవూ ఓ తొక్కు తొక్కుదుం, ఆళ్లకి పనైపోద్ది" అని నడిమధ్యకే పోనిచ్చారు. అంతేనా, గట్టున నిలబడ్డ ముసలామెకి చెయ్యి కూడా ఊపారు.

పైన ఎండింది గానీ అడుగున మంచు తడి. బండి జారింది. పంట చెదిరిపోకుండా అంచుల్లో రాళ్లు పెడతారు కదా. నేను చీరతో ఒక పక్కకి కూర్చున్నాను, ఒళ్లో సంగీతం పుస్తకాల సంచి. దాన్నే పట్టుకున్నాను, వెర్రిదాన్ని. గెడ్డం వెళ్లి రాయికి కొట్టుకుంది. ఆ చప్పుడు నాకు లోపల్నుంచి వినబడింది.

ఆయన లేచారు. ప్యాంటు దులుపుకున్నారు. నన్ను ఎత్తింది ఉలవ వాళ్లే. ఆ ముసలామె "ఓలమ్మో, ఓలమ్మో" అంటూ తన చెంగు తీసి నా నోటికి అడ్డం పెట్టింది. కొత్త చీరే అనుకుంటా.

ఫిబ్రవరి 6

ఇంకో మాట రాయలేదు నిన్న. చెయ్యి రాలేదు.

నా హెల్మెట్.

బండితో పాటు రెండు ఇచ్చారు. రెండూ ఒకే రకం — నలుపు, గెడ్డం దాకా మూసేవి. బండి ఇంటికొచ్చిన రోజున చీపురుపల్లి నుంచి ఆయన అక్కా బావా చూడ్డానికొచ్చారు. నేను బండికి పూజ చెయ్యకముందే బావగారు ఒక హెల్మెట్ తీసి తలకి పెట్టుకుని అద్దంలో చూసుకున్నారు. "ఒరే, నాకు సరీగ్గా సరిపోనాదిరా!" అంతే. ఇంటల్లుడు ముచ్చటపడ్డాక ఇంక కాదనడమా? "ఉంచీ బావా. ఎనకాల కూకున్నదానికి హెల్మెట్ ఏటికి?"

నేను వంటింట్లోంచి "అది నాదండీ" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ ఆ నవ్వులో కలిసిపోయాననుకున్నారేమో... పాయసం పోసుకుని తిన్నారు.

బావగారు అది పెట్టుకునే వెళ్లిపోయారు. మూసిన అద్దంలోంచి "ఎల్లొస్తానమ్మా" అన్నారు.

ఫిబ్రవరి 9

అమ్మ వచ్చింది. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆయన కొట్టుకి వెళ్లగానే, నా దగ్గర పాట నేర్చుకునే పిల్లల పలక తెప్పించుకుని రాశాను — నా హెల్మెట్ వాళ్ల బావకి ఇచ్చేశారు. నేను వద్దన్నది అబద్ధం.

అమ్మ చదివింది. పెదాలు కదుపుతూ రెండోసారి చదివింది. తర్వాత చెంగుతో పలక తుడిచేసింది.

"ఇప్పుడెందుకే ఇయన్నీ. పేనం దక్కింది కదా. ఎవులికీ సెప్పకు తల్లీ."

ప్రాణం దక్కింది. నిజమే. అది ఎవరిదన్నట్టు చెప్తుందో మా అమ్మ!

ఇంక పలక మీద రాయను. రాసింది ఎవరైనా తుడిచేస్తారు. నోరొచ్చాక నోటితోనే చెప్తాను, నలుగురి ముందు.

ఫిబ్రవరి 13

పాట పిల్లల్ని రావద్దనలేదు. అరుగు మీద కూర్చుని శ్రుతిపెట్టె పెట్టుకుని వాళ్లే పాడుకుంటున్నారు. నేను గుమ్మంలో కుర్చీలో. తాళం మాత్రం వేస్తున్నాను. నిషాదం తప్పు పోతోంది. పట్టుకుని సరిచేయడానికి గొంతు ఎగదన్నుకొస్తుంది, పళ్ల దగ్గర ఆగిపోతుంది. తొడ మీద గట్టిగా కొట్టాను. పిల్లలు బెదిరిపోయారు.

ఫిబ్రవరి 16

డాక్టరుకి చూపించాం. ఎముక బాగానే కలుస్తోందట. కానీ దవడ కీలు దగ్గర కూడా చీలిక ఉందట, నోరు మునుపటిలా తెరుచుకుంటుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. పాడతాననే సంగతి ఆయన చెప్పలేదు. నేనే కాగితం మీద రాసి చూపించాను. డాక్టరు "చూద్దామమ్మా" అన్నాడు. చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. పాట రాని పిల్లల తల్లిదండ్రులకి నేనూ అలాగే చెప్తాను.

లేస్తుంటే అన్నాడు — వెనక కూర్చునేవాళ్లకే ముందు పెట్టాలండీ, వాళ్లకి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. గెడ్డం మూసే హెల్మెట్ ఉంటే ఈ దెబ్బ హెల్మెట్ తినేది.

"అదే సార్ నానూ సెప్తన్నాను!" అన్నారు ఆయన. కళ్లార్పకుండా.

ఫిబ్రవరి 17

రాగి జావ. పప్పు కట్టు. మళ్లీ రాగి జావ.

ఫిబ్రవరి 20

వదినా, అన్నయ్య గారూ వచ్చారు, అదే, ఆయన అక్కా బావా. బండి మీద. ఆ హెల్మెట్ పెట్టుకుని.

తెచ్చి నా మంచం పక్కన స్టూలు మీద పెట్టారు. ఒక్క గీత లేదు దాని మీద. లోపలి మెత్త ఇంకా తెల్లగానే ఉంది.

వదిన నా తల నిమిరి, జడ విప్పి దువ్వింది. మనిషి మంచిదే... అందుకే ఇంకా మండుతుంది. ఇంతలో ఎదురింటివాళ్లు పలకరించడానికొచ్చారు. ఇంక ఆగుతారా ఈయన? ఆ స్టూలు ముందే నిలబడి — రెండు హెల్మెట్లున్నాయి, కొప్పు నలిగిపోద్దంది, సెప్తే ఇంటేనా!

నేను అన్నయ్య గారి ముఖంలోకే చూస్తున్నాను. అన్నయ్య గారి చెయ్యి మెల్లగా హెల్మెట్ మీదకి వెళ్లింది. దాన్ని తీసి స్టూలు కింద పెట్టారు. కాలితో ఇంకాస్త లోపలికి తోశారు.

వదిన దువ్వెన ఆగింది. ఒక్క క్షణమే. మళ్లీ దువ్వడం మొదలుపెట్టింది.

ఎదురింటావిడ నాతో — "ఏటమ్మా, సదువుకున్నదానివి. మొగుడు సెప్తే ఇనాలి గదా."

ఫిబ్రవరి 21

మేకు మీద కట్టరు. చెయ్యి అందుతుంది. అందుకుని ఒళ్లో పెట్టుకున్నాను. ఒక్క తీగ, పక్కది... ఏం చెప్పాలో నాలుక మీదే ఉంది. కానీ ఇప్పుడు కత్తిరిస్తే దవడ వంకరగా అతుక్కుంటుంది. వాళ్ల అబద్ధం కోసం నా పాట పోగొట్టుకోనా? మళ్లీ తగిలించేశాను.

ఫిబ్రవరి 25

కథ పెరుగుతోంది. ఇవాళ్టి దాంట్లో ఆయన నన్ను బతిమాలారట, హెల్మెట్ నా చేతికి ఇస్తే నేను విసిరికొట్టానట. విన్నవాళ్లు నోరు నొక్కుకున్నారు.

మార్చి 3

అద్దం దొరికింది. ఎవరో ఒకావిడ ఉంది అందులో. గెడ్డం కింద కుట్లు. పలకరిస్తుందేమోనని చూశాను.

మార్చి 9

తీగలు తీసేశారు. ఎంత నొప్పంటే, రాయను. నోరు ఒక వేలు పట్టేంత తెరుచుకుంది, అంతే. ఐస్‌క్రీమ్ పుల్లలు కట్టగా కట్టి పళ్ల మధ్య పెట్టుకోవాలి, రోజూ ఒక పుల్ల పెంచాలి.

శ్రుతిపెట్టె పెట్టుకున్నాను, తలుపు వేసుకుని. 'ఆ' రాదు. 'ఆ' అనాలంటే నోరు తెరుచుకోవాలి కదా. ఏదో 'ఊఁ' లాంటిది వచ్చింది, గేదె ఈనేటప్పుడు లాంటిది. కట్టేశాను. శనివారం రామతీర్థంలో పాడాల్సినదాన్ని. ఏడ్చాను, అదీ సగం నోటితోనే.

మార్చి 11

తీగలు తీశారని తెలిసి మళ్లీ జనం. మాస్టారు, ఎదురింటావిడ, ఇంకా ఇద్దరు. ఈయన మొదలుపెట్టారు. కొప్పు అన్న దగ్గర నేను లేచి నిలబడ్డాను. అన్నాను. అన్నీ కూడబలుక్కుని, ఒక్కొక్క మాటే — నా హెల్మెట్ వీళ్ల బావ పట్టుకెళ్లాడు.

నాకు తెలుసు, ముద్దగా వచ్చింది. గాలి ఎక్కువ, మాట తక్కువ. మాస్టారు ముందుకు వంగి "ఏటంతంది?" అన్నారు ఈయనతో. నాతో కాదు.

ఈయనకి అర్థమైంది. ముఖం చూశాను కదా, ప్రతి అక్షరం అర్థమైంది. నెమ్మదిగా నవ్వారు.

"నొప్పిగా ఉందంట, మాస్టారూ. మీరు కూకోండి." నా భుజం మీద చెయ్యి వేసి మంచం మీద కూర్చోబెట్టారు. ఎంతో ప్రేమగా. ఎదురింటావిడ కళ్లు తుడుచుకుంది.

మార్చి 12

అన్నం కలిపి మెత్తగా చేసి నా ముందు పెడుతూ తనే ఎత్తారు ఆ మాట. తల ఎత్తకుండా.

"బావ ముందు నా పరువేటవుతాది సెప్పు? అక్క ఇంటికెల్తే ఎలా సూస్తారు? తప్పు ఎవులి మీదో ఒకరి మీద ఎయ్యాలి. నీ మీదైతే ఎవులూ నిన్ను ఏటీ అనరు, దెబ్బ తగిలింది నీకే కదా."

అంటే ఆలోచించే చేశారు. నేను ఆయన గురించి అప్పుడప్పుడూ అనుకునేదాన్ని, కంగారులో అన్న మాటని వెనక్కి తీసుకోలేకపోతున్నారేమో అని. కాదు. కుదురుగా కూర్చుని ఎంచుకున్నారు — ఎవరి మీద వేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదో.

అన్నం తిన్నాను. కడుపుకేం తెలుసు.

మార్చి 13

నిన్న సాయంత్రం కొత్త హెల్మెట్ తెచ్చారు, నాకు. గులాబీ రంగు. "ఎట్టుకుని సూడు." దాంట్లోకి తల దూర్చాలంటే గెడ్డం నొక్కుకుంటుంది. కేక పెట్టాను — తీగలు తీశాక అదే మొదటి పెద్ద శబ్దం. ఇవాళ పొద్దున్న చూస్తే దాన్ని హాల్లో టీవీ పక్కన పెట్టారు, వచ్చినవాళ్లకి కనబడేలా.

మార్చి 14

ఆదివారం అందరూ భోజనానికి వస్తున్నారు. అక్కా బావా, మాస్టారు వాళ్లు, ఎదురింటివాళ్లు. నేను కోలుకున్నందుకట. చీపురుపల్లి నుంచి వదిన ఫోన్ చేసి నా పక్కనే కూర్చుంటానంది. ఎందుకో మరి... ఆ మాట మాత్రం ఎత్తలేదు.

కట్టలో రెండు పుల్లలు పెరిగాయి. మూడోది పెడితే కళ్లలో నీళ్లు. పెట్టాను.

ఇవాళ శ్రుతిపెట్టె పెట్టుకుని సరళీలు తియ్యలేదు. ఆ వాక్యమే తీశాను. పిల్లలకి చెప్పినట్టే, మొదటి కాలంలో, ఒక్కో అక్షరానికి ఒక్కో దెబ్బ. నా. హెల్. మెట్. 'నా' సరిగ్గా రావడం లేదు. దీర్ఘం తెరుచుకోవడం లేదు. 'వీళ్ల బావ' పరవాలేదు. 'పట్టుకెళ్లాడు' దగ్గర ఉమ్మి కారుతోంది. తుడుచుకుని మళ్లీ.

పాట కంటే ముందు ఈ మాటే రావాలని కోరుకుంటున్నాను. ఇంత చేదు మనిషినయ్యానా? అయ్యాను.

హాల్లోంచి ఆయన — "ఏటే, పాట మొదలెట్టేసేవా? మంచిది, మంచిది."

ఊఁ అన్నాను.

మళ్లీ 'నా' దగ్గర్నుంచి.