పొడుగు మంచం

మత్రా, ఒమాన్
14 మే 1976, శుక్రవారం

ఎస్తేరు నాన్నగారికి సారా వందనాలు.

దేవుని దయవల్ల నేనిక్కడ కులాసా. మాటవరసకి రాయడం లేదు, మొన్న వార్డులో బరువు చూసుకుంటే మూడు కిలోలు పెరిగాను. మీరూ, ఎస్తేరూ, అత్తయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మోకాళ్ళకి పంపిన మందు అత్తయ్యగారు రాసుకుంటున్నారో, బీరువాలో దాచుకుంటున్నారో మాత్రం నిజం రాయండి.

"శుభ్రంగా నర్సుల హాస్టల్లో ఉండక, ముక్కూ మొహం తెలియనివాళ్ళ పాతకొంపలోకి ఎందుకు మారావు?" అని అడిగారు. కొంప అంటే ఒప్పుకోను. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఒక పెద్ద వర్తకుడు సముద్రానికి ఎదురుగా కట్టించిన మూడంతస్తుల మేడ ఇది. వీధి తలుపు నిండా చెక్కిన పువ్వులే. కిటికీల పైన రంగు అద్దాలున్నాయి. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి నా తెల్ల చీర మీద ఎరుపూ ఆకుపచ్చా పడుతుంటే, గదిలో కాసేపు ఊరికే అటూ ఇటూ తిరుగుతాను. నవ్వకండి.

ఆ వర్తకుడి కోడలే జైనబ్ గారు. అరవై దాటిన వితంతువు, కింది అంతస్తులో ఉంటారు. పై గదులు ఏడు కుటుంబాలకి అద్దెకిచ్చారు. ఖమరుద్దీన్ గారని హైదరాబాదు ఆయన, బొంబాయిలో సహకార సంఘం బిల్డింగులో పదేళ్ళు ఉండి వచ్చాడు. వచ్చిన నెలకే ఇక్కడా ఒక సంఘం పెట్టేశాడు. మెట్లు కడగడానికి వంతులు, నీళ్ళు తోడడానికి వంతులు. కొత్తవాళ్ళు చేరాలంటే అందరూ ఒప్పుకోవాలి. నన్ను హాల్లో కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నలు మన పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ అడగలేదు. "ఎండుచేపలు వండితే వాసనొస్తుంది, మీకు పడుతుందా?" అని జైనబ్ గారు వచ్చిన హిందీలో అడిగారు. "మాది నరసాపురం అండీ, పడకపోతే ఎలా బతుకుతాను?" అన్నాను. ఆవిడ పకపకా నవ్వారు. గది నాదైంది.

ఎస్తేరు అడిగినదానికి జవాబు: అవును, ఇక్కడి సముద్రంలోనూ పీతలు ఉన్నాయి. ఆరాధన శుక్రవారం జరుగుతుందంటే అత్తయ్యగారు కంగారు పడ్డారని రాశారు. ఆదివారం అందరికీ డ్యూటీయే మరి. దేవుడికి వారాల పట్టింపు లేదని చెప్పండి.

ఇక మీ పెద్ద ప్రశ్న. "నేనొచ్చి ఏం చెయ్యాలి? నువ్వు డ్యూటీకి వెళ్తే గుమ్మంలో కాపలా కూర్చోనా?" అన్నారు. రెండో అంతస్తులో నిసార్ అహ్మద్ గారని ఉన్నారు. మన దేశం పిల్లల కోసం ఇక్కడ కొత్తగా పెట్టిన బడిలో ఇంగ్లీషు చెబుతారు. మీలాంటి లెక్కల మాస్టారు దొరక్క రెండు నెలలుగా ఆయన చేతే లెక్కలూ చెప్పిస్తున్నారట. "సిస్టర్, భిన్నాలంటే నాకే జ్వరం వస్తోంది, మీ సార్‌ని త్వరగా రమ్మనండి" అని మెట్ల మీద కనబడ్డప్పుడల్లా ప్రాణం తీస్తున్నారు.

మీరు రావడం గురించి ఆయనకెలా తెలుసని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. అదే చెప్పాలి. ధైర్యం చాలక ఇంతసేపూ పీతల గురించి రాశాను.

ఏప్రిల్ చివరికి ఇక్కడ గదుల్లో పడుకోలేం. ఒక శుక్రవారం పొద్దున్నే ఇంటిల్లిపాదీ మంచాలు డాబా మీదకి ఎక్కిస్తారు. సంసారాలకి సముద్రపు గాలి తగిలేవైపు చోటు, మధ్యలో దుప్పట్లతో తెరలు. ఒంటిగా ఉండేవాళ్ళకి నీళ్ళ ట్యాంకు పక్కన. ఖమరుద్దీన్ గారు కాగితం పట్టుకుని వచ్చి, "సిస్టర్, మీయి ఎన్ని మంచాలు?" అన్నాడు.

"మూడు" అన్నాను.

విస్తళ్ళు ఎన్ని వెయ్యాలంటే ఇంట్లోవాళ్ళని తలుచుకుని చెప్పేస్తామే, అలా వచ్చేసింది. "అచ్ఛా! సాబ్ వస్తున్నరా? బేటీ కూడా? మస్తు ఖుషీ!" అని ఆయన అప్పుడే రాసేసుకున్నాడు. కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. "నెలలోపల వస్తారు" అన్నాను. పాస్టరుగారి కూతురినై ఉండి, నిలబడి అబద్ధమాడాను.

అక్కడితో ఆగానా? నాకూ ఎస్తేరుకీ బజారు మంచాలు కొన్నాను. మీకు అవి చాలవు. మనింట్లో మంచం పట్టె ఒరుసుకుని మీ మడమలు కాయలు కాచాయి కదా. వడ్రంగికి కొలత చెప్పి జానెడు పొడుగు ఎక్కువ పెట్టించాను. మెట్ల మలుపులో అది తిరగలేదు. ఖమరుద్దీన్ గారూ నిసార్ గారూ చెమటలు కక్కుతూ, "ఈ సాబ్ మనిషా, ఒంటెనా?" అని ఒకటే నవ్వు.

సంఘం రూలు ఒకటుంది. నెల తిరిగేలోపు మనిషి రాని మంచం దించెయ్యాలి, ఆ చోటు వేరేవాళ్ళకి. రెండు శుక్రవారాలు గడిచాయి. రోజూ పొద్దున్న మూడు పక్కలూ దులిపి మడతపెడుతుంటే నా మీద నాకే సిగ్గేసింది. మంగళవారం జైనబ్ గారి దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. "మా ఆయన వస్తానని అనలేదు. రమ్మని నేను గట్టిగా అడగనూ లేదు."

ఆవిడ ఖబూరా అనే ఊరి నుంచి వచ్చిన ఎండు నిమ్మకాయలు ఏరుతున్నారు. తల కూడా ఎత్తలేదు.

"తెలుసు బిడ్డా. అబద్ధానికైతే బజారు మంచం చాలు. కాళ్ళు కొలిచి ఎవరు చేయిస్తారు?" అన్నారు. ఆవిడ భర్త జాంజిబారు వెళ్ళి నాలుగేళ్ళు రాలేదట. నాలుగు వేసవులూ ఆయన మంచం ఈవిడే పైకి ఎక్కించారట. ఐదో వేసవికి ఆయన వచ్చి, ఏమీ ఎరగనట్టు దాని మీద పడుకున్నారట.

"మరి రూలు?" అన్నాను.

"రూలు ఖమరుద్దీన్‌ది. డాబా నాది. ఎండలు పోయేదాకా నీ మంచాలు ముట్టుకోరు" అన్నారు. అక్కడే కూర్చుని ఏడ్చేశాను. ఆవిడ నా ఒళ్ళో సగం నిమ్మకాయలు పోసి, ఏరమన్నారు.

అందుకని ఆస్పత్రివాళ్ళిచ్చిన వీసా ఫారం దీనితో పంపుతున్నాను. అన్నీ నింపాను. మీ సంతకం ఒక్కటే తక్కువ. అత్తయ్యగారు చిన్న మరిదిగారి దగ్గర ఉండటానికి సరేనన్నారని మీరే కిందటి ఉత్తరంలో రాశారు, కాబట్టి ఆ వంక చెల్లదు.

పద్నాలుగు నెలలుగా ప్రతి ఉత్తరం చివరా "మీ ఇష్టం" అని రాస్తూ వచ్చాను. డాబా మీద ఆడిన అబద్ధం కంటే అది పెద్దది. నా ఇష్టం ఇప్పుడు చెబుతున్నాను. మీరు రావాలి. ఎస్తేరుని తీసుకుని రావాలి. రాలేనంటే, ఆ మంచం దించెయ్యమని మీ చేత్తో రాయండి. నా అంతట నేను దించను.

ఇట్లు,
మూడు మంచాల్లో నడిమి మంచం మీది,
మీ సారా