కత్తి దూయని వారం

సోమవారం, ఉదయం

ముందుగా ఒక సవరణ. "మా అమ్మమ్మ కాలక్షేపానికి వీడియో గేములు ఆడుతుంది" అని మీ ఆఫీసులో చెప్పావట. కాలక్షేపానికి నాకు మీ తాతయ్య ఉన్నారు. నేను ఆడేది పని. జీవితమంతా ఇళ్ల ప్లాన్లు గీసినదాన్నని, మీ ఆటల కోటల్లో మెట్లెక్కడ తప్పాయో నన్ను చూసి పెట్టమని ఆ ఆటపెట్టె తెచ్చి టీవీకి తగిలించింది నువ్వే. డైరీ అడిగిందీ నువ్వే. చదివి బాధపడితే నా పూచీ లేదు.

రేపెవరూ మాట మార్చకుండా సంగతి మొత్తం రాసి పెడుతున్నాను. ఇది దొంగచాటుగా కోటలో దూరి, దొంగచాటుగా బయటపడే ఆట. మొదటి భాగం నీకంటే ముందువాళ్లు చేశారు. రెండోది ఇంకా బజారులోకి రాలేదు. అందులో కత్తియుద్ధమంతా నీ చేతిపని, రెండేళ్ల కష్టం. కత్తి తిప్పడం ఇంత హాయిగా ఉంటే ఇక దాక్కునేదెవరు, తీసెయ్యమంటున్నాడు మీ పై అధికారి, ఆ గళ్లచొక్కాయన. దాక్కోవాలనుకున్నవాళ్లు ఎలాగైనా దాక్కుంటారని నీ వాదన. దానికి సాక్షిని నేను. రెండు భాగాల్లోనూ మొదటి కోట, ఒక్క కావలివాణ్ణీ చంపకుండా దాటితే, శుక్రవారం మీటింగులో నీ కత్తి నిలబడుతుంది. లేకపోతే పోతుంది.

తీర్మానం: చీమకైనా హాని చెయ్యను. ఇందులో అంత కష్టమేముంది?

మంగళవారం

మొదటి భాగం. ఈ కోట గీసినవాడెవడో గానీ పని తెలిసినవాడు. వంటింట్లోంచి సామాన్ల గదికి సందు, అక్కణ్ణుంచి మేడ మీదికి ఇరుకు మెట్లు. పొగగొట్టం ఉండాల్సిన చోటే ఉంది. దీపం ఆర్పితే చీకటి ఎంతమేర పడాలో అంతే పడుతుంది. కావలివాడు ఫలానా చోట ఆగాడంటే కారణం ఉంటుంది. ఒకడికి చలి, పొయ్యి దగ్గర నిలబడతాడు. ఇంకొకడికి బద్ధకం, మెట్లెక్కడు.

కత్తి మాత్రం దరిద్రం. పరీక్షించాలి కదా అని ఒక్కసారి దూశాను. ఎవరికీ తగల్లేదు కాబట్టి లెక్కలోకి రాదు. నేను దూసేలోపు ఎదుటివాడు పొడిచాడు, పక్కవాడు పరుగెత్తి గంట కొట్టాడు, గంట విని కోటంతా దిగింది. మళ్లీ మొదటికొచ్చాను.

ఆ తర్వాత మంచం కింద దూరాను. చాలాసేపు అక్కడే. మీ తాతయ్య పేపరు దించి చూసి, "ఇందులో నువ్వెవరు? ఆ మంచమా?" అన్నారు.

బుధవారం, సాయంత్రం ఐదు

బయటపడ్డాను! చచ్చినవాళ్లు: సున్నా. ఆఖరి తలుపు దగ్గర కావలివాడు నాకు బారెడు దూరంలో నిలబడి ఆవులించాడు. వాడు నోరు మూసేదాకా నేను ఊపిరి పీల్చలేదు.

రేపు నీ భాగం. అది ఇంకా సులువట. నిగ్రహం నాకు పుట్టుకతో వచ్చింది. ఈ మాట పైకి అంటే మీ తాతయ్యకు దగ్గు వచ్చింది.

గురువారం, ఉదయం పది

ఇది కోటా, గోడలు కట్టిన మైదానమా? వంటిల్లు లేదు. ఇంతమంది ఏం తిని కాపలా కాస్తున్నారో తెలియదు. ప్రతి గోడ పక్కనా నడుమెత్తు గడ్డి, నేను వస్తున్నానని తెలిసి పెంచినట్టు. కిటికీలు వెలుతురు కోసం కాదు, దూకడం కోసం. అందంగా ఉంది, కాదనను. ఊరికే ఇచ్చినా కాపురముండను.

పదకొండు. ఒకడు పోయాడు. ప్రమాదం. కప్పు మీంచి దిగబోయి వాడి మీద పడ్డాను, కత్తి దానంతటదే బయటికి వచ్చింది. తీయించింది నీ ఆట, నేను కాదు.

పదకొండుంబావు. ఇద్దరు. మొదటివాణ్ణి చూసి కేకలు పెట్టబోయారు. ఆత్మరక్షణ.

పన్నెండు. లెక్క మానేశాను. ఐదుగురు చుట్టుముడితే, ఒకడితో నేను తలపడుతున్నంతసేపూ తక్కిన నలుగురూ బస్సు కోసం నిలబడ్డట్టు తమ వంతు కోసం నిలబడతారు. గంట కొట్టేవాడు లేడు. అసలు గంటే లేదు. ఇంత మర్యాదస్థుల్ని చంపడం అన్యాయమే. కానీ ఆ కత్తి! వాడు ఎత్తగానే నేను అడ్డం పెట్టడం, ఖణేల్మని మోత, వాడి భుజం మీంచి అవతలికి పల్టీ. మోకాళ్ల నొప్పులవాళ్లను పల్టీ కొట్టమని పిలిచేదెవరు?

ఒంటిగంట. భోజనానికి లేవలేదు. మీ తాతయ్య తనే వడ్డించుకుని కంచంతో నా పక్కన చేరారు. "వెనక ఒకడున్నాడు, చూసుకో" అన్నది ఆయనే. కాబట్టి సగం పాపం ఆయన ఖాతాలో.

మూడు. తీర్మానం గుర్తొచ్చి గడ్డిలో కూర్చున్నాను. ఒకడు వచ్చి, నేలమీద పడి ఉన్న స్నేహితుణ్ణి చూసి, "గాలి చప్పుడై ఉంటుంది" అని వెళ్లబోయాడు. ఇలాంటివాణ్ణి కొలువులో ఉంచుకోవడం కోటకే ప్రమాదం. వెళ్లనివ్వలేదు.

నాలుగున్నర. కోట దాటాను. ఎంతమంది పోయారో తెర మీద అంకె వేశారు. ఆ అంకె ఇక్కడ రాయను. ప్రాణాలతో మిగిలింది నేనూ, ఒక గుర్రమూ.

గురువారం, సాయంత్రం

మళ్లీ మొదటినుంచి శుభ్రంగా ఆడి, ఆ సున్నానే నీకు చూపిస్తే ఎవరికి తెలుస్తుంది? పిల్ల కష్టం నిలబడుతుందని మీ తాతయ్య కూడా అన్నారు. ఆరింటికి కూర్చున్నాను. ఆరూ ఐదుకి ఒకడు పోయాడు. అబద్ధం ఆడటానికి కూడా నిగ్రహం కావాలి.

ఏడింటికి నువ్వు ఫోన్ చేశావు.

"అమ్మమ్మా, సున్నాయేనా?"

"కాదు తల్లీ. అందరూ."

"మొదటి భాగంలో అంత ఓపిక పట్టావు కదా?"

"ఓపిక కాదే, భయం. దాక్కోకపోతే చస్తానని దాక్కున్నాను. నీ దాంట్లో దాక్కుంటే నష్టం. కత్తి అంత బాగా చేశావు."

నువ్వు ముక్కు ఎగబీల్చిన చప్పుడు విన్నాను, విననట్టు ఊరుకున్నాను. చివరికి, అయితే ఆ గళ్లచొక్కాయన అన్నదే నిజమన్నమాట అన్నావు.

"సగమే నిజం. కత్తి తియ్యకు, గంట పెట్టు. వాళ్ల చేత ఆ వంతులు మాన్పించు. నలుగురు నా మీదికొస్తే ఐదోవాడు గంట దగ్గరికి పరుగెత్తాలి. అప్పుడు కత్తి ఎంత ముద్దొచ్చినా, దూసేముందు ఒకసారి ఆలోచిస్తాను."

కాగితం మీద రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. వంటిల్లు కూడా కట్టమన్నాను. దానికి నవ్వావు.

శుక్రవారం, మధ్యాహ్నం

రాత్రి నేను ఫోటోలు తీసి పంపిన ఈ పేజీలే మీటింగులో చదివి వినిపించావట. గళ్లచొక్కాయన గుర్రం మాట దగ్గర నవ్వాడట. నవ్వి, నీకు నెల రోజులు గడువిచ్చాడు. గంట పెట్టాలి, వంతులు తీసెయ్యాలి. ఆ తర్వాత అదే కోట మళ్లీ నేనే ఆడాలి. అప్పుడు కూడా అందర్నీ నరికితే నీ కత్తి మూలకే. అంటే నీ రెండేళ్ల కష్టం ఇప్పుడు నా వేళ్ల మీద ఉంది. ఇంతకంటే నమ్మకమైన మనిషి దొరకలేదా మీకు?

సరే. తీర్మానం: చీమకైనా హాని చెయ్యను. ఈ నెలంతా మొదటి భాగంలో సాధన చేస్తాను. ఇవాళ్టి నుంచే.

ఇవాళ్టి నుంచి కుదరదు, రేపటి నుంచి. శనివారం వచ్చినప్పుడు ఆ కంట్రోలర్ తీసుకెళ్లి బస్టాపు ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే అబ్బాయికివ్వు. నడిపించే పుల్ల వదులైంది, బిగించమను. కుడివైపు కత్తి బటన్ లోపలికి కూరుకుపోయి పైకి రావడం లేదు, ఇక ఎంత నొక్కినా కత్తి బయటికి రాదు. ఎలా జరిగిందని అడిగితే తెలియదను. దాన్ని మాత్రం ముట్టుకోవద్దను.