వెళ్ళొస్తానన్న పాపానికి

అక్కా, నేను క్షేమమే, గదే ఇంకా దొరకలేదు.

పరాయి దేశం మనిషినని తెలియగానే అద్దె పెంచేస్తున్నారు. మొన్న ఒక గది చూశాను. అద్దె జీతంలో సగం మింగేస్తుంది, తలుపుకి గడియ కూడా పడదు. బయటికొస్తూ అలవాటు చొప్పున ఇంటాయనతో వాళ్ళ భాషలో "వెళ్ళొస్తానండీ" అన్నాను. ఆయన నిజంగానే వస్తాననుకుని టు-లెట్ బోర్డు పీకేశాడు. మర్నాడు మా ఆసుపత్రికే వచ్చి "సామానుతో వస్తానన్నావుగా, ఏదీ?" అని నిలదీశాడు. వార్డంతా నవ్వులే! "వెళ్తాను" అనకూడదని చిన్నప్పుడు నెత్తిన మొట్టి మరీ నేర్పింది నువ్వు కాదూ?

బుద్ధొచ్చి, నిన్న ఇంకో ఇంటావిడతో "వెళ్తున్నాను" అన్నాను. బంగారంలాంటి గది, గట్టి తాళం, అందుబాటు అద్దె. నాకు నచ్చలేదనుకుని సాయంత్రానికల్లా వేరేవాళ్ళకి ఇచ్చేసింది!

ప్రస్తుతానికి తోటి నర్సు ఇంట్లో సోఫా మీద ముడుచుకుంటున్నాను. కుక్కర్ గాస్కెట్ ఇప్పుడే పంపకు, పెట్టుకోడానికి పొయ్యి ఉండాలిగా. బావ పంటినొప్పి తగ్గిందా? పిల్లలకి ముద్దులు.

"ఇక ఉంటాను" అని రాసి ముగిద్దామంటే, ఉండటానికి గదేదీ?

నీ చెల్లి