బూడిద రంగు వేసిన పేరాలు

తమ్ముడూ, నీ పుస్తకంలో కొన్ని పేరాల వెనక బూడిద రంగు ఎందుకు వేశావో నేను ఒక్కసారైనా అడిగానా?

నువ్వు పోయి నేటికి ఏడాది. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక కథాపాత్రగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపే నీ ఆటను మళ్లీ అచ్చు వేయిస్తున్నాను. ఆ రంగు అచ్చు మరక అనుకుని తీయించేశాను. రంగున్న భాగం ఎవరైనా వాడుకోవచ్చని, మార్చుకోవచ్చని, నీ పేరు చెబితే చాలని మొదటి పేజీలో నువ్వు రాసిన లైసెన్సు చదవనే లేదు.

పొద్దున నందపూర్ నుంచి సుశీల పంతులమ్మ వచ్చింది. ప్రూఫు తిరగేసి నా మీద లేచింది.

"అయ్యగారూ, రంగు ఏటైపోనాది? కొత్తగా కొన్నోళ్లకి ఏది వాడుకోవచ్చో, ఏది ముట్టకూడదో ఎలాగ తెలుస్తాది? బయపడి మొత్తం ఒగ్గేస్తారు!"

సంచిలోంచి తన పుస్తకం తీసింది. నీ ఆట నియమాలే, అక్కడి కొండజనం మాట్లాడే దేసియా భాషలో! నీ ఆటలోని కొండదెయ్యం ఆమె బడిపిల్లల చేతుల్లో వానను దాచిపెట్టే ముసలమ్మయింది. మొదటి పేజీలో నీ పేరు.

"సేను కోసినప్పుడు అంచులు పేదోళ్లకి ఒగ్గీమని ఆదివారం చర్చీలో అరిసింది మీరే గదా? మీ తమ్ముడు ఒగ్గేరు. మీరు కోసేసేరు."

లేఖనం చేతబట్టి నేను ఇన్నేళ్లూ చెప్పిన ఆ ఆజ్ఞను, దామంజోడి ఫ్యాక్టరీ క్వార్టర్లో షిఫ్టు దిగొచ్చి నువ్వు నెరవేర్చావు.

సాయంత్రం ప్రెస్సువాడు ప్రూఫు కోసం వస్తాడు. నా బైబిల్లో గీతలు గీసే పెన్సిలే తీశాను.

"అమ్మీ, తమ్ముడి పుస్తకం నీ పాత ప్రతి ఇటు తే. రంగున్న పేరా ఒక్కటీ ఒగ్గకుండా సెప్పు, నాను ప్రూఫులో గీస్తాను. ఇయ్యాలే అయిపోవాల, కూకో!"