కేకు మీద మీ చీర నేత

అత్తయ్యా,

ఇవాళ మీ మనవరాలి పుట్టినరోజు, మీరు లేకుండా మొదటిది. కేకు పిండి కలిపి ఓవెన్‌లో పెట్టబోతుంటే తెనాలి మొత్తం కరెంటు పోయింది. ఈ కరెంటుకి కేకులంటే ఏం పగో.

"ఇప్పుడేంటమ్మా?" అని పిల్ల మొహం వేలాడేసింది.

నాకు మీ ఆవిరి కుడుము గుర్తొచ్చింది. గిన్నెలో నీళ్లు మరిగించి, కుడుముల కోసం మీరు చింపి ఉంచిన మీ పాత నేతచీర ముక్కను తడిపి మూతికి బిగించి కట్టాను. పిండి దాని మీద పోసి మూతపెట్టాను. ఉడికాక మీలాగే తడి వేలితో నొక్కి చూశాను, అంటుకోలేదు.

తిరగేస్తే కేకు మీద చీర నేత చక్కగా అచ్చుపడింది. క్రీము రాయబోతే పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా, నానమ్మ చీర కనపడదు."

కొయ్యడానికి మాత్రం మీ అబ్బాయికి చేతులు రాలేదు.