దెల్తూలా నడిచిన నేల

యాకూత్స్క్ పట్టణంలో కట్టెల సంతకు ఎదురింటి కాపురస్తుణ్ణి, ఒసిప్ లిచాగిన్ కొడుకుని, నౌకాదళంలో భూమి కొలతల అధికారిగా చేసి విరమించినవాణ్ణి, అరవై రెండేళ్ళ గావ్రిలా అనే నేను దేవుడి ఎదుట సొంత చేత్తో రాస్తున్న మరణశాసనం ఏమనగా:

నా కాళ్ళకి నీరు పట్టింది. వేసవి చూడనని వైద్యుడు చెప్పాడు. చూపు మసకగా ఉన్నందువల్ల అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. బుద్ధి నిలకడగా ఉంది. మూడు రోజులుగా మద్యం ముట్టలేదు. ఇది రాయమని ఎవరూ బలవంతపెట్టలేదు. పెట్టి ఉంటే ఎప్పుడో రాసేవాణ్ణి.

1. నా శవాన్ని చర్చి ఆవరణలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పాతిపెట్టవలెను. పతకం ఛాతీ మీద పెట్టకూడదు. ఉత్తరాన్ని జయించిన వీరుడని చెక్కించిన ఫలకం సిద్ధంగా ఉందని పట్టణ పెద్దలు మొన్న వచ్చి మురిసిపోతూ చెప్పారు. ఆ రాయిని తిరగేసి మెట్టుగా వాడుకోవచ్చు.

2. మా అక్క కొడుకు ప్రోఖోర్‌కి నా నక్కతోలు కోటు, వెండి గిన్నెలు రెండు. వాడు తొబోల్స్క్‌లో ప్రతి విందులోనూ మా మామయ్య ఒంటిచేత్తో తెల్ల ఎలుగుబంటిని చంపాడని చెప్పి భోజనం సంపాదిస్తున్నాడు. ఒరే ప్రోఖోర్, ఆ ఎలుగుబంటి కథ నేను కల్పించిందే. ఇంక మానెయ్. నా జబ్బు సంగతి తెలిసి రెండు ఉత్తరాలు రాశావు. రెండింటిలోనూ ఇంటి కప్పు కారుతోందా అని అడిగావు గానీ నా ఒళ్ళెలా ఉందని అడగలేదు. ఇల్లు నీకు రాదు.

3. నాతో పాటే ఉత్తర తీరం కొలిచే నౌకాదళ యాత్రలో పనిచేసిన కొలతల అధికారి ఇగ్నాతీ సావిచ్ బెలోకూరోవ్‌ని ఈ వీలునామా అమలు జరిపే పెద్దగా నియమిస్తున్నాను. నా కొలత పరికరాలు, దిక్సూచి, పుస్తకాలు అన్నీ అతనికి సర్వహక్కులతో చెందవలెను. ఎందుకో చెప్పాలి.

1741 ఏప్రిల్‌లో నేను తూర్పు నుంచీ అతను పడమటి నుంచీ ఒకే తీరం కొలుస్తూ వచ్చాం. నేల ఎక్కడ ఆగి దక్షిణానికి తిరుగుతుందో కనిపెట్టడమే పని. ఆ చోటుకి ఇంకా రెండు రోజుల దూరం ఉందనగా మంచు మీద ఎండ మెరుపుకి నా కళ్ళు పోయాయి. ఎనిమిది రోజులు గుడారంలో కళ్ళకి గుడ్డ కట్టుకుని పడి ఉన్నాను. నాకు దారి చూపడానికి కుదిరిన, జింకలు మేపే తుంగూజు తెగ మనిషి దెల్తూలా దిక్సూచి తీసుకుని ఒక్కడే వెళ్ళాడు. వెయ్యి అడుగులకొక ముడి వేసిన తోలుతాడుతో ఐదో రోజున తిరిగొచ్చాడు. "నేల అయిపోయింది దొరా. అవతల మంచే. రాళ్ళు పేర్చి వచ్చాను" అన్నాడు.

చూపు వచ్చాక ఆ ముడులు ఒక్కొక్కటీ తడుముకుంటూ దినచర్యలో రాసుకున్నాను. నేను నడిచాను, నేను చూశాను అని రాశాను. పటంలో అది నేటికీ లిచాగిన్ అగ్రం.

ఇగ్నాతీ అవతలి వైపు నుంచి వచ్చి, పగిలిన మంచు దాటలేక ఆగిపోయి, తన పటంలో ఆ మేర ఖాళీ వదిలి "ఇంతవరకే చూశాను" అని రాశాడు. నా పటం పక్కన అతని పటం చూసి అందరూ నవ్వారు. అతన్ని నకళ్ళు రాసే పనిలో వేశారు. ముప్పై ఏళ్ళుగా ఆదివారం ఆదివారం మా ఇంటికొచ్చి చదరంగం ఆడుతున్నాడు. "ఆ మంచు మీద నీ జారుడుబండి ఎలా దాటిందిరా?" అని ఎన్నిసార్లు అడిగాడో. "దేవుడు దాటించాడు" అనేవాణ్ణి. "అయితే నా దేవుడు ఒట్టి బద్ధకస్తుడన్నమాట" అని నవ్వేసేవాడు. ఇగ్నాతీ, నువ్వే నిజం రాశావు. ఆ మాట పై అధికారులకి తెలియజేస్తూ నేను సంతకం చేసిన ఉత్తరం దీనికి జతపరిచాను. పంపించు. చదివాక నా సమాధి దగ్గరికి రాకపోయినా నేనేమీ అనుకోను.

4. ఈ షరతు ద్వారా ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు. ఒప్పుకోవడానికే రాస్తున్నాను.

తిరుగు ప్రయాణంలో తిండి అయిపోయి దెల్తూలా జింకల్ని ఒక్కొక్కటిగా కోసుకు తిన్నాం. అవి అతని కుటుంబం జారుడుబండ్లు లాగే జింకలు. అవి లేకపోతే వాళ్ళు గుడిసె విప్పుకుని తిండి దొరికే చేపల చెరువుకి కదల్లేరు. అధికారుల శీతాకాలపు విడిది చేరేసరికి అక్కడ విశ్రాంతి తీసుకున్న జింకలు పన్నెండు ఉన్నాయి. నాకిచ్చిన అధికారం ప్రకారం అవి నావి.

"దొరా, మీ కాగితాలు రెండు నెలలు ఆగినా కుళ్ళిపోవు. నా పిల్లలు ఆగలేరు" అన్నాడు దెల్తూలా.

"పది రోజుల్లో నీ గుడిసె దగ్గరుంటాయి. మాటిస్తున్నాను" అన్నాను. కాగితం మీద కూడా రాసిచ్చాను. అతనికి చదవడం రాదు. మడిచి చొక్కాలో పెట్టుకుని కాలినడకన వెళ్ళిపోయాడు.

ఇగ్నాతీ కంటే ముందు నా నివేదిక చేరాలని ఆ పన్నెండు జింకల్నీ నా బండ్లకే కట్టించాను. పనుల్లో పడి మరిచిపోయానని ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. దారిలో రెండు విడుదుల్లో జింకలు దొరికాయి, వెనక్కి పంపే మనుషులూ దొరికారు. ఆ అగ్రానికి ఎవరు నడిచారో తెలిసినవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. అతను ఇక ఎదురుపడకపోతే బాగుండునని నా మనసులో మెదిలింది. మెదిలిన మాటని నేను తరిమెయ్యలేదు. ఇది చర్చిలో పాపం చెప్పుకున్నప్పుడు కూడా చెప్పలేదు.

మరుసటి వసంతంలో యాకూత్ వేటగాళ్ళు ఆ గుడిసెలో మూడు శవాల్ని చూశారు: దెల్తూలా, భార్య, చంటివాడు. ఏడేళ్ళ పిల్ల మాత్రం తోలుముక్కలు నములుతూ బతికుంది. ఆ పిల్లని నేను తెచ్చుకుని పెంచాను. చర్చిలో మావ్రా అని పేరు పెట్టించాను. ఊరంతా నన్ను పుణ్యాత్ముడంది. నేను వద్దనలేదు.

5. ఇక మావ్రా, అనగా కన్నవాళ్ళు పెట్టిన పేరున సెకాలాన్, విషయము. పెళ్ళి చేస్తానంటే వద్దంది. ముప్పై రెండేళ్ళు ఈ ఇంట్లోనే ఉండి, పెద్దయ్యాక ఇల్లంతా తనే నడిపింది. నా కాళ్ళకి కట్లు ఆమే కడుతుంది. క్రిస్మస్ ఉపవాసాలు మొదలైన రోజు మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చోబెట్టి పైన రాసినదంతా చెప్పాను. చెబుతుంటే నా చెంచా జారి కింద పడింది. ఆమె వంగి తీసి తుడిచి నా ముందు పెట్టింది.

"ముందు చారు తాగండి, చల్లారిపోతోంది" అంది. గిన్నె నా దగ్గరికి జరిపి, "నాకు తెలుసు" అంది.

"ఎలా తెలుసమ్మా?"

"ఏడేళ్ళ పిల్లకి జ్ఞాపకం ఉండదనుకున్నారా? మా నాన్న రోజూ గుట్టెక్కి చూసేవాడు. 'కొలతల దొర మాటిచ్చాడు, వచ్చేస్తాయి' అనేవాడు. కొలతల దొర ఈ దేశంలో ఎంతమంది ఉంటారు?"

"మరి ఇన్నాళ్ళూ ఎందుకున్నావు?"

"చిన్నప్పుడు ఎక్కడికి పోను? పెద్దయ్యాక, మీరు చెబుతారేమో చూద్దామని ఉన్నాను. ప్రతి ఈస్టర్‌కీ ఈసారి చెబుతారనుకునేదాన్ని."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టి, "అది నన్నడక్కండి. వాళ్ళు ముగ్గురు, నేనొక్కదాన్ని" అంది. ఆ రోజు వరకూ నాన్నగారూ అని పిలిచేది. ఇప్పుడు గావ్రిలా ఒసిపోవిచ్ అంటోంది. కట్లు మాత్రం అంతే మెత్తగా కడుతోంది. అదే భరించలేకపోతున్నాను.

ఇల్లూ వాకిలీ నీకే రాస్తానన్నాను. "మీ ఇల్లు నాకొద్దు. పన్ను కింద తోళ్ళు కట్టడానికి మావాళ్ళు ఊళ్ళోకొచ్చి మంచులో పడుకుంటారు. వాళ్ళకివ్వండి" అంది. కాబట్టి ఈ ఇల్లు, పొయ్యి, కొట్టంతో సహా, ఉత్తరం నుంచి వచ్చే తుంగూజులు ఉచితంగా బస చేయుటకు విడిచిపెడుతున్నాను. తలుపుకి తాళం వేయకూడదు. ఆమె కుట్టుపెట్టె, సూదులు, రాగి కెటిల్ మొదటి నుంచీ ఆమెవే. నేనిచ్చినట్టు ఎవరూ రాయకూడదు.

6. సెకాలాన్ పేరు నా ఇంటి పోషితురాలిగా పట్టణ రికార్డులో ఉన్నందున, నేను బతికున్నంతవరకూ నా అనుమతి లేనిదే ఆమె పొలిమేర దాటడానికి చట్టం ఒప్పుకోదు. ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. ఆమె ఎప్పుడూ మరిచిపోలేదు. తన తండ్రి వంశంవాళ్ళు కొందరు ఖతంగా అనే నది పైభాగాన ఉన్నారని సంతలో విన్నదట. మంచు కరిగి జారుడుబండ్ల దారి చెడకముందే బయల్దేరాలి. పొరుగింట్లో ఉండే గాడిద లాంటి కొసాక్కు సిపాయి ఒకడు, "ముసలాయన్ని చచ్చేదాకా చూసుకోవడం నీ ధర్మం కాదూ" అని ఆమెని నిలదీశాడట. ఆమె ధర్మం ఏనాడో తీరింది. నేను పోయేవరకూ ఉండమని నా నోటి దాకా వచ్చింది. అడగలేదు. జీవితంలో నేను చేసిన సరైన పని అదొక్కటే కావచ్చు.

కావున మిగతా షరతులన్నీ నా తదనంతరం అమలులోకి రావలెను గానీ, ఈ ఆరో షరతు నా చావు కోసం ఆగకూడదు. ఈ రోజు, ఈ గంట నుంచి ఆమె స్వతంత్రురాలు. ఎక్కడికైనా వెళ్ళవచ్చు. ఆమెని ఆపే హక్కు నాకు గానీ, నా వారసులకి గానీ, మరెవరికి గానీ లేదు.

ఈ షరతు నకలు వేరే కాగితం మీద రాసి ముద్ర వేశాను. బయట జింకలు కట్టి ఉన్నాయి. ఆమె ప్రయాణపు కోటు తొడుక్కుని, నేను సంతకం చేయడం కోసం గుమ్మంలో నిలబడి ఉంది.

1774 మార్చి 9, యాకూత్స్క్.

(సంతకం) గావ్రిలా లిచాగిన్

సాక్షులు:
ఫాదర్ యెవ్‌స్తాఫీ, చర్చి గురువు
నికీఫోర్ షెలెపిన్, పట్టణ లేఖకుడు